ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, చెరసాల తలుపు



మన పల్లె సంఘములనుండి ప్రతి సంవత్సరము కొందరు బిడ్డలు పట్టణపు కళాశాలలకును, విశ్వవిద్యాలయములకును వెళ్లుచున్నారు. కొన్నాళ్లకు వారి తలిదండ్రులు కాపరియొద్దకు వచ్చి ఈలాగు అడుగుదురు: “అయ్యగారూ, మావాడు అక్కడ ఏదో విద్యార్థి సంఘములో చేరినాడట. ఆదివారము మధ్యాహ్నము పేదల గుడిసెలకు పోయి పిల్లలకు అక్షరములు దిద్దించుచున్నాడట. పొలము తాకట్టు పెట్టి పంపినది వాడు చదువుకొనుటకా, ఊరివారి సేవ చేయుటకా?”

ఈ ప్రశ్నను మనము తేలికగా తీసికొనరాదు. తాకట్టు పెట్టిన పొలము నిజమైనది, బిడ్డను గూర్చిన దిగులును నిజమైనదే. అయితే ఇది ఈనాడు పుట్టిన ప్రశ్న కాదు. దాదాపు 300 ఏండ్ల క్రిందట ఐర్లండు దేశములో ఒక తండ్రి తన కుమారుని గూర్చి ఇటువంటి ప్రశ్ననే అడిగెను. ఆ తండ్రి కథను, ఆ కుమారుని కథను ఈ మాసము మనము ధ్యానింతము.

1729వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చార్లెస్ వెస్లీ అను యువకుడు చదువుచుండెను. ధనవంతుల బిడ్డలనేకులు అక్కడ చదువుమీద కంటె జూదము మీదను, త్రాగుడు మీదను ఎక్కువ మనస్సు పెట్టిన కాలమది. చార్లెస్ తన స్నేహితులను ఇద్దరు ముగ్గురిని కూడగట్టుకొని, విశ్వవిద్యాలయపు నియమముల చొప్పున క్రమముగా చదువుటకును, వారము వారము ప్రభువు బల్లయొద్దకు పోవుటకును పూనుకొనెను. ఆ సంవత్సరము నవంబరులో అతని అన్న జాన్ వెస్లీ అక్కడి లింకన్ కళాశాలలో బోధించుటకు తిరిగి వచ్చి వారి నడుమ పెద్దవాడాయెను. అప్పుడు వారు నలుగురే. జాన్, చార్లెస్, డబ్లిను పట్టణమునుండి వచ్చిన విలియం మోర్గాను, మెర్టన్ కళాశాల విద్యార్థి రాబర్ట్ కిర్కాము. వారమునకు కొన్ని సాయంకాలములు ఒక గదిలో కూడి గ్రీకు క్రొత్త నిబంధనను చదువుచుండిరి. వారి సంఘమునకు పెద్ద పేరు లేదు, అధ్యక్షుడు లేడు, చందా పుస్తకము లేదు.

ఆ గదిలోనుండి వారిని బయటికి నడిపించినవాడు విలియం మోర్గాను. భార్యను చంపి మరణశిక్ష పొందిన ఒకనిని చూచుటకు అతడు కోటలోని చెరసాలకు వెళ్లెను. అక్కడ అప్పులు తీర్చలేక బంధింపబడిన ఒకనితో మాటలాడెను. అప్పుడప్పుడు ఎవరైన వచ్చి వీరితో మంచి మాట చెప్పినయెడల ఎంతో మేలు కలుగునని తిరిగి వచ్చి స్నేహితులతో చెప్పెను. ఒకసారి కాదు, పలుమార్లు చెప్పెను. తుదకు 1730 ఆగస్టు 24వ తేదీన వెస్లీ సోదరులిద్దరును అతనితో కూడ చెరసాలకు నడచి వెళ్లిరి. ఆ దినమునుండి వారమునకు ఒకటి రెండుసార్లు పోవలెనని నిశ్చయించుకొనిరి.

అప్పు చెరసాల యెట్లుండునో వెస్లీ ఇంటివారికి తెలియని సంగతి కాదు. వారి తండ్రి సామ్యుయేలు వెస్లీ ఎప్వర్తు అను పల్లెలో గురువు, గంపెడు పిల్లలు గలవాడు. 1705లో చార్లెస్ ఇంకను పుట్టకమునుపే ఆయన అప్పు తీర్చలేక లింకన్ పట్టణపు కోటలో కొన్ని నెలలు బంధింపబడెను. పల్లె గురువు కష్టము, పల్లె ఇంటి అప్పు ఎరిగిన ఇల్లది.

ఇచ్చట మన యౌవనస్థులు ఒక సంగతి గమనింపవలెను. మంచి పని గదా అని ఆ విద్యార్థులు ఎవరిని అడుగక ముందుకు దుమికిపోలేదు. జాన్ తన తండ్రికి ఉత్తరము వ్రాసి ఆలోచన అడిగెను. ఆ వృద్ధుడు మిక్కిలి సంతోషించి, తానును ఆక్స్‌ఫర్డులో చదువుకొను దినములలో ఆ చెరసాలకే వెళ్లియుంటినని తెలిపెను. మోర్గానును కూడ తన కుమారులలో ఒకనిగా ఎంచుకొందునని వ్రాసెను. అయితే చెరసాల గురువును ముందుగా అడుగుమనియు, బిషప్పుగారి అనుమతి పొందుమనియు బుద్ధి చెప్పెను. వారు అట్లే చేసిరి. పట్టణములోని రోగులను చూడబోవునప్పుడును ఆ పేట గురువునకు అభ్యంతరము లేనియెడలనే పోవలెనని నియమము పెట్టుకొనిరి.

వారు చేసిన పనులు చిన్నవి. ఖైదీలకు వాక్యము చదివి వినిపించిరి. మందులు, పుస్తకములు కొనియిచ్చిరి. కొద్దిపాటి అప్పుకై మ్రగ్గుచున్నవారిని సొమ్ము పోగుచేసి విడిపించిరి. పేద పిల్లలకు ఒక బడి నడిపించి, ఉపాధ్యాయురాలికి జీతమిచ్చి, పిల్లలకు బట్టలు కుట్టించిరి. ఈ ఖర్చంతయు ఎక్కడనుండి వచ్చెను? వారిలో ఒకని లెక్కను జాన్ వెస్లీ తరువాత వ్రాసి పెట్టెను. అతనికి మొదటి సంవత్సరము 30 పౌనుల రాబడి. 28 పౌనులతో బ్రదికి 2 పౌనులు బీదలకిచ్చెను. మరుసటి ఏడు 60 పౌనులు వచ్చినను 28తోనే బ్రదికి 32 ఇచ్చెను. మూడవ ఏడు 90 వచ్చినప్పుడు 62 ఇచ్చెను. రాబడి పెరిగినను అతని గంజి కుండ పెరుగలేదు. మనలో జీతము పెరిగినకొలది కానుక చిన్నదగుచున్న ఇండ్లవారు ఈ లెక్కను రెండుసార్లు చదువవలెను.

తోటి విద్యార్థులు వారిని ఊరకుండనిచ్చిరా? పరిశుద్ధుల సంఘమనియు, బైబిలు పురుగులనియు ఎగతాళి చేసిరి. పద్ధతి ప్రకారము బ్రదుకువారు గనుక మెథడిస్టులని పేరు పెట్టిరి. నవ్వులాటకు పెట్టిన ఆ పేరే తరువాత లోకమంతట ఒక గొప్ప సంఘమునకు పేరాయెను.

ఇప్పుడు ఆ తండ్రి సంగతికి వత్తము. విలియం మోర్గాను తండ్రి డబ్లినులో ఉండెను. కుమారుడు పల్లెలకు పోయి పిల్లలను పోగుచేసి ప్రార్థనలు నేర్పుచున్నాడని విని, ఆ స్నేహితుల గుంపువలన ఊరంతట మాట వచ్చుచున్నదని నొచ్చుకొని, 1732 మార్చిలో ఒక ఉత్తరము వ్రాసెను. ఇంతలో విలియంకు దేహములోను మనస్సులోను జబ్బు ముదిరెను. అతడు ఆక్స్‌ఫర్డు విడిచి ఇంటికి పోయి, ఆ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన మరణించెను. చెరసాల త్రోవ చూపినవాడు రెండేండ్లకే సమాధి చేరెను.

వెస్లీ సోదరులు బలవంతముగా ఉపవాసములు చేయించి అతని చంపిరని ఊరిలో పుకారు పుట్టెను. అప్పుడు జాన్ వెస్లీ మౌనముగా ఉండలేదు, కోపగించుకొననూ లేదు. అక్టోబరులో మోర్గాను తండ్రికి ఒక పెద్ద ఉత్తరము వ్రాసి, తమ సంఘము మొదలైన దినమునుండి జరిగినదంతయు వరుసగా తెలియజేసెను. విలియం ఉపవాసములు మానివేసి ఏడాదిన్నర అయినదని వివరించెను. దాచిపెట్టదగిన పని వారు చేయలేదు గనుక దాచవలసిన అగత్యము లేకపోయెను.

బిడ్డను పోగొట్టుకొన్న ఆ తండ్రి ఆ ఉత్తరము చదివి శాంతించెను. 1733లో తన రెండవ కుమారుడైన రిచర్డును ఆక్స్‌ఫర్డునకు పంపి, ఆ జాన్ వెస్లీ చేతికే అప్పగించెను! తలిదండ్రులారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచించుడి. ఒక కుమారుని పాతిపెట్టిన తండ్రి రెండవ కుమారుని అదే స్నేహితునియొద్దకు పంపుటకు ఎంత నమ్మకము కావలెను! దాపరికము లేని ఉత్తరము ఒకటి ఆ నమ్మకమును పుట్టించినది.

ఆ చిన్న గుంపు ఎన్నడును పెద్ద గుంపు కాలేదు. 1735లో వారు 14, 15 మంది మాత్రమే. అయితే అందులో చేరినవారిలో జార్జి విట్‌ఫీల్డు ఒకడు. అతడు పూటకూటింటి విధవరాలి కొడుకు. ధనవంతులైన విద్యార్థులకు పరిచర్య చేసి చదువు సాగించుకొన్న బీదవాడు. పేదల సత్రములో ఒక స్త్రీ ప్రాణము తీసికొనబోయిన సంగతి అతడు చార్లెస్ వెస్లీకి కబురంపగా, ఆ కబురే వారిద్దరిని కలిపెను. విట్‌ఫీల్డు తరువాత మైదానములలో వేలకొలది జనులకు సువార్త ప్రకటించెను. జాన్ వెస్లీ 1774లో బానిసల వ్యాపారమును ఖండించుచు ఒక పుస్తకము ప్రచురించెను. కట్టబడినవారిని చూచిన కన్నులు వృద్ధాప్యములోను మూతపడలేదు.

ఆ విత్తనపు గింజ మన తెలుగు నేలమీదను పడినది. మెదకు సీమలో పాస్నెట్టు దొరగారు పనిచేసినది వెస్లీ పేర నడచిన మిషనులోనే. కరువు దినములలో కూలివారికి అన్నము దొరుకునట్లు కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన ఆ సంఘము దక్షిణ ఇండియా సంఘములో ఏకమాయెను.

అయినను ఒక హెచ్చరిక విడువరాదు. ఆక్స్‌ఫర్డులో అంత సేవ చేసిన జాన్ వెస్లీకి మనశ్శాంతి దొరకలేదు. తన క్రియల బరువుతో దేవుని మెప్పించవలెనని ఆయన ప్రయాసపడుచుండెను. 1738 మే 24వ తేదీ రాత్రి లండను పట్టణములో, క్రీస్తునందలి నమ్మిక వలననే రక్షణయని ఆయన హృదయము రూఢిగా తెలిసికొనెను. ఆ తరువాత సేవ మానివేసెనా? మరి ఎక్కువగా చేసెను. మునుపు కూలివానివలె చేసిన పనిని ఇప్పుడు కుమారునివలె చేసెను. సేవ రక్షణకు నిచ్చెన కాదు, రక్షణ చెట్టునకు కాసిన పండు.

మన దేశములో 1969 సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ఆరంభమాయెను. దానిలో చేరినవారు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను, ఏడు దినములు ఒక పల్లెలో మకాముండవలెను. మన ఊళ్లలో వీధులు ఊడ్చి, మొక్కలు నాటి, వైద్యశిబిరములు నడుపు విద్యార్థులను మీలో అనేకులు చూచియుందురు. వారును ఏదో ఒక ఇంటి బిడ్డలే. మన బిడ్డ వేరొక ఊరిలో అట్టి పని చేయుచుండగా మనమేల నొచ్చుకొనవలెను?

కాబట్టి చదువుకొను బిడ్డలారా, చేరదగిన సంఘములో చేరుడి. అయితే ముందు చదువు. ఆక్స్‌ఫర్డు యువకులు పుస్తకము విడిచి చెరసాలకు పోలేదు, పుస్తకమును చేతపట్టుకొని పోయిరి. వారమునకు ఒకటి రెండు గంటలైనను తప్పక నిలిచి చేయుడి. మీరు చేయుచున్నది మీ తలిదండ్రులకు దాచక వ్రాయుడి. దాచవలసిన పని చేయమను సంఘమునుండి అదే దినమున బయటికి రండి.

తలిదండ్రులారా, మీవాడు ఎవరితో కూడుచున్నాడో, ఏమి చేయుచున్నాడో అడుగుడి. అడుగుట మీ హక్కు. కాని తాకట్టు పొలమును చూపి వాని మంచి మనస్సును చంపకుడి. పొలము నేడు కాకున్న రేపు విడిపించుకొనవచ్చును. పేదవానిని చూచి కరగు హృదయము ఒకసారి బండబారినయెడల దానిని విడిపించుట మిక్కిలి కష్టము.

చెరసాలలో ఉన్నవానిని చూడవచ్చినవారిని గూర్చి ప్రభువు సెలవిచ్చిన మాటను మత్తయి సువార్త 25వ అధ్యాయములో ఈ రాత్రి మీ కుటుంబ ప్రార్థనలో చదువుకొనుడి. దూరమున చదువుచున్న మీ బిడ్డను పేరు పెట్టి దేవునికి అప్పగించుడి. ఆమేన్.