నర్సు విద్యార్థినుల క్రైస్తవ సహవాసములు

ఆసుపత్రుల చరిత్ర వ్రాయువారు గొప్ప వైద్యుల పేర్లను, కట్టడముల వైశాల్యమును, క్రొత్త చికిత్సలను తప్పక పేర్కొందురు. ఆ కట్టడముల వెనుక, ప్రహరిగోడ ప్రక్కన, వేళగాని వేళ దీపములు వెలుగుచుండు మరియొక యింటి ప్రస్తావన మాత్రము అరుదుగా వచ్చును. అది నర్సు విద్యార్థినుల వసతిగృహము. పదునెనిమిదేండ్ల పిల్ల తల్లిదండ్రులను విడిచి అచ్చటికి వచ్చును. వచ్చిన కొలది నెలలకే, తాను ప్రొద్దుట తల దువ్విన రోగి సాయంకాలమునకు కన్నుమూయుట చూచును. ఆ రాత్రి ఆమె యెవరితో మాటలాడవలెను?

ఈ ప్రశ్నకు సమాధానముగా ఏర్పడినవే నర్సుల క్రైస్తవ సహవాసములు. వాటి చరిత్రను పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. ఈ సహవాసములకు బలము ప్రసంగమువలన కంటె ఆదరణవలననే హెచ్చుగా కలిగినది. ఆదరణతో అధికారము కలిసినప్పుడెల్ల ఒక చిక్కు పుట్టినది. ఆ చిక్కు నేటికిని తీరలేదు.

నర్సుల శిక్షణకును క్రైస్తవ సమాజమునకును గల సంబంధము చాల పాతది. 1836వ సంవత్సరమున జర్మనీలో, రైన్ నదీతీరమందలి కైసర్స్‌వెర్త్ అను చిన్న ఊరిలో, థియోడర్ ఫ్లీడ్నర్ అను పాదరియు ఆయన భార్య ఫ్రెడరికెయు ఒక సంస్థను స్థాపించిరి. అవివాహితలగు స్త్రీలు అచ్చట కలిసి నివసించుచు, కలిసి ప్రార్థించుచు, రోగులకు ఉపచారము చేయుట నేర్చుకొనిరి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1850లో ఆ సంస్థను దర్శించి, 1851లో మరల వచ్చి, సుమారు మూడు నెలలు అచ్చటనే శిక్షణ పొందెను. ఆనాడు ఇంగ్లండులో నర్సు వృత్తికి గౌరవము లేదు. డికెన్సు తన నవలలో చిత్రించిన సైరీ గాంప్, మద్యము త్రాగి రోగిని మరచిపోవు నర్సు, లోకుల మనస్సులో నాటుకొనియుండెను. కావున కూతురిని ఆ వృత్తికి పంపవలెనన్న తల్లిదండ్రులకు ఒక మంచి యిల్లు, ఒక మంచి సాంగత్యము కనబడవలసియుండెను.

ఆ సాంగత్యములోని చిక్కు క్రిమియా యుద్ధకాలమున బయటపడినది. 1854లో నైటింగేల్ వెంట బయలుదేరిన నర్సులు 38 మంది. వారిలో 10 మంది రోమన్ కాథలిక్ సన్యాసినులు. 14 మంది ఇంగ్లీషు చర్చికి చెందిన రెండు సోదరీ సంఘములవారు. తక్కిన 14 మంది ఆసుపత్రులలో జీతమునకు పనిచేసినవారు. వీరు ఓడ దిగకముందే స్వదేశమున కలహము చెలరేగెను. గాయపడిన సైనికులను కాథలిక్కులు తమ మతమునకు త్రిప్పుకొందురని కొందరు, ప్రొటెస్టంటులు ఆ పనియే చేయుదురని మరికొందరు భయపడిరి. తుదకు సన్యాసినులు తమ మతమువారితో తప్ప ఇతర రోగులతో మతవిషయములు ప్రసంగింపరాదని నియమము చేయవలసివచ్చెను. మంచమునుండి లేవలేనివాడు తనకిష్టములేని మాట వినకుండ లేచి పోలేడు గదా! ఈ సామాన్యసత్యమే ఆ నియమమునకు ఆధారము.

అదే యుద్ధకాలమున, 1855లో, లండనులో మరియొక పని నిశ్శబ్దముగా ఆరంభమైనది. క్రిమియాకు పోవుచున్న నర్సులకును, అచ్చటినుండి తిరిగివచ్చుచున్నవారికిని మేరీ జేన్ కిన్నెయిర్డ్ అను మహిళ ఒక వసతిగృహమును తెరచెను. ఆ సంవత్సరముననే ఎమ్మా రాబార్ట్స్ అను మరియొక స్త్రీ యువతుల ప్రార్థనా సమాజమును స్థాపించెను. ఒకరు పడకను ఏర్పాటు చేసిరి. మరియొకరు ప్రార్థనను ఏర్పాటు చేసిరి. ఈ రెండును 1877లో ఏకమయ్యెను. నేడు మనమెరిగిన వై.డబ్ల్యు.సి.ఎ. పుట్టుక యిదియే. అలసి వచ్చినవారికి ముందు పడక కావలెను, పిదప ప్రార్థన అర్థవంతమగును అను వివేకము ఆ కలయికలో కనబడుచున్నది.

1860లో లండనులోని సెంట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ శిక్షణాలయము ప్రారంభమయ్యెను. అందు విద్యార్థినులకు వేర్వేరు గదులును, అందరు కూర్చుండుటకు ఒక చావడియు ఏర్పడెను. ఏ ఒక్క మతశాఖకును చెందని సంస్థగా దీనిని నడుపవలెనని నైటింగేల్ పట్టుబట్టెను. కాని పదిరెండేండ్లు గడచునప్పటికి పాఠములును పనియు మాత్రమే చాలవని తేలెను. 1872లో వసతిగృహమునకు ప్రత్యేకముగా ఒక సిస్టరును నియమించిరి. విద్యార్థినుల చదువు, నడవడి, మనోవ్యథ, ఇవన్నియు ఆమె కనిపెట్టవలసినవి. ఆ సంవత్సరమునుండియే నైటింగేల్ విద్యార్థినులకు బహిరంగలేఖలు వ్రాయ నారంభించెను.

ఈ చరిత్రలో మిక్కిలి హృదయస్పర్శియగు పేరు ఆగ్నెస్ జోన్స్. ఆమె కైసర్స్‌వెర్త్‌లోను, సెంట్ థామస్‌లోను శిక్షణ పొందినది. 1865లో లివర్‌పూల్ నగరమందలి బీదల ఆసుపత్రికి అధికారిణియై వెళ్ళెను. విలియం రాత్‌బోన్ అను వర్తకుడు ధనసహాయము చేసెను. ఆమెతోపాటు 12 మంది శిక్షితులైన నర్సులు వచ్చిరి. ఒక్కొక్క మంచముపై ఇద్దరు ముగ్గురు రోగులుండిన ఆ చోట, పగలెల్ల శ్రమించి, ఆమె తన నర్సులను చేర్చి వేదపఠనము జరిపెడిది. వారి సుఖదుఃఖములు విచారించెడిది. మూడేండ్లు నిండకుండగనే, 1868లో, 35 ఏండ్ల వయస్సున టైఫస్ జ్వరమునకు బలియయ్యెను.

ఆగ్నెస్ జోన్స్ త్యాగమును శంకింపరాదు. అయినను ఆమె పద్ధతిలో ఒక ప్రశ్న దాగియున్నది. పై అధికారిణియే ప్రార్థన నడుపునప్పుడు, రానొల్లని శిష్యురాలు రానని ధైర్యముగా చెప్పగలదా? డ్యూటీ వేయునదియు, సెలవు ఇచ్చునదియు, పరీక్షకు యోగ్యురాలని వ్రాయునదియు ఆమెయే అయినప్పుడు, వచ్చినవారిలో భక్తితో వచ్చినవారెవరో భయముతో వచ్చినవారెవరో తెలియుట కష్టము.

దీనికి కాలక్రమమున లభించిన సమాధానము, సహవాసమును తోటి నర్సులే, తోటి విద్యార్థినులే నడుపుకొనుట. 1903లో బ్రిటనులో నర్సుల మిషనరీ లీగు వెలసెను. అమెరికాలో ఆసుపత్రులయందు అచ్చటచ్చట కూడుచుండిన చిన్న ప్రార్థనా బృందములు ఒక సంఘమై, 1948లో ఇంటర్‌వర్సిటీ అను విద్యార్థి సంస్థలో చేరెను. 1957లో పలుదేశముల బృందములు కలిసి అంతర్జాతీయ నర్సుల క్రైస్తవ సహవాసముగా ఏర్పడెను.

ఇక మన దేశపు సంగతి. గుంటూరునకు 1883లో వచ్చిన వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచెను. వేలూరులో ఐడా స్కడర్ 1902లో ఆసుపత్రిని, 1909లో నర్సుల పాఠశాలను ప్రారంభించెను. ఆ పాఠశాలయే 1946లో డిగ్రీ విద్యకు ఎదిగెను. భారత నర్సుల సంఘము 1908లో పుట్టగా, క్రైస్తవ వైద్యసంఘమునకు అనుబంధముగా నర్సుల లీగు 1930లో ఏర్పడెను.

ఇచ్చట కష్టము రెండింతలు. పరులను తాకి ఉపచారము చేయుట, రాత్రివేళ పరపురుషుల వార్డులో తిరుగుట, ఇవి పరువుగల కుటుంబపు ఆడపిల్లకు తగవని లోకము తలచెను. తొలితరము నర్సులలో క్రైస్తవ బాలికలు అధికముగా ఉండుటకు ఇది ముఖ్యకారణము. 1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడునాటికి ఈ దేశమున 43,000 మందికి ఒక్క నర్సు మాత్రమే యుండెను. ఆ ఒక్కతె మోసిన భారమెంతటిదో ఊహింపవచ్చును. ఆమెకు బంధువుల ఆదరణయు అంతంతమాత్రమే. అట్టివేళ సహవాసము కేవలము భక్తిసమాజము కాక, పుట్టినింటికి బదులుగా నిలిచిన యిల్లయినది. గుంటూరునకు వచ్చిన మలయాళ బాలికకు తెలుగు రాదు. వేలూరునకు పోయిన తెలుగు బాలికకు అరవము రాదు. తన భాషలో నాలుగు మాటలు పలుకు అక్క యొకతె కనబడినచో, ఆమెకు సగము దిగులు తీరును.

ఈ చరిత్రనుండి నేటి నర్సింగ్ కళాశాలలు గ్రహింపవలసినదేమి? మొదటిది, వేళను గూర్చినది. ఇతర కళాశాలలవలె ఆదివారము సాయంకాలమే కూటము పెట్టినచో, డ్యూటీలో నున్నవారు ఎన్నడును రాలేరు. డ్యూటీ పట్టికను చూచి వారమునకు రెండు పర్యాయములు, అరగంట మించకుండ కూడుట మేలు. రాత్రి డ్యూటీ చేసినవారికి నిద్ర ముఖ్యము. రానందుకు ఎవరును నిందింపరాదు. రెండవది, నాయకత్వమును గూర్చినది. ఉపాధ్యాయినులు అతిథులుగా రావలెను గాని హాజరుపట్టీతో రారాదు. మూడవది, నోటిని గూర్చినది. ఒక విద్యార్థిని కన్నీటితో చెప్పిన పొరపాటు ప్రార్థనావిషయమను పేరుతో వసతిగృహమంతట ప్రాకరాదు. అయితే ఆ పొరపాటు రోగికి హాని చేయునదైనచో, ఆమె వెంట నడచి, సిస్టరునొద్ద చెప్పించుటయే నిజమైన స్నేహము.

నాల్గవది అన్నిటికంటె కఠినము. నేడు నర్సింగు తరగతులలో హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు, బాలురును బాలికలును కలిసి చదువుచున్నారు. పరమతస్థురాలగు విద్యార్థిని తోడు కొరకు వచ్చినప్పుడు ఆమెకు పీట వేయవలెను. ఆమె మతము మార్చుటకు ఆమె దుఃఖమును అదనుగా గొనరాదు. 1854లో రోగిని గూర్చి చేసిన నియమము దుఃఖములోనున్న తోటి విద్యార్థినికిని చెల్లును. తన విశ్వాసమును దాచనక్కరలేదు, అడిగినవారికి చెప్పవచ్చును. అడుగకున్నను తేనీరు పోయవలెను.

క్రైస్తవ వేదములో అతిథిసత్కారము ఆజ్ఞగా చెప్పబడినది. మన యిండ్లలో అది అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఈ రెండును కలిసిన గది ఏ ఆసుపత్రి ఆవరణలో ఉన్నదో, అచ్చటి విద్యార్థినులు మరునాడు వార్డులోనికి కొంత తేలికపడిన మనస్సుతో అడుగుపెట్టుదురు. ఆ తేలికదనము రోగులకును అందును.