కల్లేపల్లి మీదుగా సినిమా హాలుకి

ఆఫీసులో లంచ్ టైమ్‌లో పాత పాటల మీద చర్చ మొదలైతే ఎవరో ఒకరు అనేస్తారు, "ఆ ట్యూన్ త్యాగరాజు దగ్గర కొట్టేసిందేగా" అని. కోడు రాసుకుని బతికేవాళ్ళం, కాపీ కొట్టడానికీ లైబ్రరీ వాడుకోడానికీ తేడా మనకైనా తెలియొద్దూ? రాగం అంటే ట్యూను కాదు, లైబ్రరీ లాంటిది. జగదేకవీరుని కథ (1961)లో పెండ్యాల 'శివశంకరీ'ని దర్బారీ కానడలో కట్టారు, అది ఏ కీర్తనకీ నకలు కాదు. శంకరాభరణం (1980)లో 'బ్రోచేవారెవరురా' మాత్రం మైసూరు వాసుదేవాచార్యులు ఖమాస్‌లో చేసిన కీర్తనే. 'దొరకునా ఇటువంటి సేవ' మధ్యరకం. ఎత్తుగడ మాటలూ బిలహరి రాగమూ త్యాగరాజువి, మిగతా పాట వేటూరిది.

(బాణీ తీసుకోవడమే నేరమైతే 'గాడ్ సేవ్ ద కింగ్' ట్యూనుకి సంస్కృతం కూర్చిన ముత్తుస్వామి దీక్షితుల్ని కూడా బోనెక్కించాలి మరి!)

మాది జగ్గయ్యపేట. కృష్ణా జిల్లా మెట్ట (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అనాలి, నాకింకా నోరు తిరగట్లేదు). మా పేటలో అయినా, పక్కన నందిగామలో అయినా శాస్త్రీయ సంగీతం చాలామందికి సభల్లో దొరికింది కాదు. గుడి మైకు, బెజవాడ రేడియో, సినిమా.. అంతే. అందుకే 'బ్రోచేవారెవరురా' మావాళ్ళకి "శంకరాభరణం పాట". కన్నడ దేశంలో ఉండి తెలుగులో కీర్తనలు రాసిన పెద్దాయన పేరు చెప్తే "ఆయనెవరు?" అంటారు. నా మటుకు నాకు బాధ ఇక్కడే. ఓపెన్ సోర్స్ కోడు వాడితే పైన రాసినవాడి పేరు ఉంచుతాం కదా, పాట కింద ఆ ఒక్క లైను రాయడానికి ఏం పోయింది?

సినిమా వాళ్ళంతా దొంగలన్నట్టు మాట్లాడేవాళ్ళకి మన జిల్లా సంగతే ఒకటి చెప్పాలి. త్యాగరాజు (1847లో పోయారు) శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన దగ్గర నేర్చుకున్న మనవాడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఊరు దివిసీమ వైపు పెదకల్లేపల్లి, మా మెట్ట నుంచి చూస్తే జిల్లాకి ఆ చివర. శాస్త్రిగారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. తర్వాత బెజవాడ రేడియోలో పనిచేసి, మా ఇళ్ళల్లోకి పొద్దున్నే కీర్తన పంపించిన బాలమురళి ఆయనే.

ఇంకో కొమ్మ ఇంట్లోనే పెరిగింది. శాస్త్రిగారి మనవడిదీ తాత పేరే, సుసర్ల దక్షిణామూర్తి. ఈయన సినిమాల్లోకి వెళ్ళి సంసారం (1950), సంతానం (1955) చేశారు.

1963లో ఈ రెండు కొమ్మలూ నర్తనశాలలో కలిశాయి. బృహన్నల ఉత్తరకి నాట్యం నేర్పే 'సలలిత రాగ సుధారస సారం' వినే ఉంటారు, కల్యాణి రాగం. కట్టింది మనవడు సుసర్ల. బెంగుళూరు లతతో కలిసి పాడింది బాలమురళి. అంటే గురువుగారి గురువుగారి మనవడు బాణీ కడితే ప్రశిష్యుడు పాడాడన్నమాట! తాత ఇచ్చిన పొలం మనవడు దున్నుకుంటే దాన్ని కబ్జా అంటామా?

ఆ పాటకి సముద్రాల రాసిన సాహిత్యం గురించి ఇంకోసారి.