గ్రాఫిక్స్ ప్యాక్‌లలో కదిలే చిత్రాలు

సిమ్యులేషన్ ఆటలలో నేల, ఇళ్లు, రైళ్లు, స్టేషన్ల బొమ్మలను ప్రోగ్రామ్‌లో కలిపేయకుండా విడిగా కట్టగట్టి ఇస్తే దాన్ని గ్రాఫిక్స్ ప్యాక్ అంటారు. ఆట నియమాలు మారకుండానే ప్యాక్ మార్చి ఊరి రూపురేఖలు మార్చుకోవచ్చు. ఇలాంటి ప్యాక్‌లలో చాలాకాలం నిశ్చల చిత్రాలదే రాజ్యం. జిఫ్, ఏపీఎన్‌జీ, వెబ్‌పీ వంటి కదిలే చిత్రాల ఫైళ్లను ఆట నేరుగా చదవగలిగితే బొమ్మలు గీసేవారి పని ఎంతో తేలికవుతుంది.

ఈ ఫైళ్లు లేకుండా కూడా ఆటల్లో బొమ్మలు కదిలాయి. 2004లో మొదలైన ఓపెన్‌టీటీడీ అనే ఆట, తన మాతృక అయిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ నుంచి 256 రంగుల పట్టికను తీసుకుంది. ఆ పట్టికలో కొన్ని రంగులను ఆట వరుసగా తిప్పుతూ ఉంటుంది. వాటితో గీసిన నీరు, బొమ్మ మారకుండానే పారుతున్నట్టు కనిపిస్తుంది. అదనంగా ఒక్క ఫ్రేమ్ కూడా అక్కర్లేని చక్కని ఉపాయమిది. సిముట్రాన్స్ అనే ఆటది మరో దారి. పీఎన్‌జీ షీటు మీద దశలన్నీ గడులుగా గీసి, ఏ గడి తర్వాత ఏది రావాలో టెక్స్ట్ ఫైలులో రాస్తారు. మేక్‌ఓబీజే అనే సాధనం రెండింటినీ కలిపి ప్యాక్ ఫైలు చేస్తుంది. నడుమ ఒక దశ చేర్చాలంటే ఆ వరుసంతా మళ్లీ సరిచూసుకోవాలి.

సికింద్రాబాద్, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల మధ్య ఉన్న సీతాఫల్‌మండి ఎంఎంటీఎస్ స్టేషన్‌ను ఇలాంటి ఆట కోసం గీస్తున్నారనుకుందాం. రైలును పట్టాల మీద నడిపేది ఆటే, దానికి ఫ్రేములు అనవసరం. సిగ్నల్ ఎరుపు నుంచి పసుపుకు, పచ్చకు మారేది ముందున్న దారి ఖాళీని బట్టి తప్ప గడిచిన సెకన్లను బట్టి కాదు. అందుకని దానికీ కదిలే ఫైలు పనికిరాదు, మూడు విడి బొమ్మలు చాలు. ప్లాట్‌ఫాం మీద టీ కెటిల్ ఆవిరి, గాలికి ఊగే చెట్టుకొమ్మ, బోర్డు మీద జరిగే అక్షరాలు మాత్రం కాలంతోపాటు కదిలేవి. కదిలే ఫార్మాట్లు అక్కరకొచ్చేది వీటికే.

1987లో కంప్యూసర్వ్ విడుదల చేసిన జిఫ్‌లో ఒక ఫ్రేముకు 256 రంగులే. పారదర్శకత ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలుండదు. దాంతో ఆవిరి అంచులు పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. 2004లో మొజిల్లా బృందం ప్రతిపాదించిన ఏపీఎన్‌జీకి ఈ ఇబ్బంది లేదు. దాన్ని పీఎన్‌జీ బృందం 2007లో తోసిపుచ్చినా బ్రౌజర్లు స్వీకరించాయి. చివరికి 2025లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని పీఎన్‌జీ ప్రమాణంలోనే చేర్చింది. దీని గొప్ప సుగుణం ఏమిటంటే, కదలిక తెలియని పాత ప్రోగ్రామ్ కూడా ఇదే ఫైలును మామూలు పీఎన్‌జీగా తెరిచి ఒక నిశ్చల చిత్రం చూపిస్తుంది. పాత వెర్షన్ ఆడేవారికి ప్యాక్ పనిచేయకుండా పోదు. ప్యాక్‌లకు ఇదే తగిన ఎంపిక. వెబ్‌పీ ఫైళ్లు ఇంకా చిన్నవి కానీ, నాణ్యత తగ్గించే కుదింపు వాడితే సన్నని పిక్సెల్ గీతలు మసకబారతాయి.

అసలు చిక్కు ఫైలు చదవడంలో కాదు, కాలాన్ని లెక్కపెట్టడంలో ఉంది. జిఫ్ ప్రతి ఫ్రేము వ్యవధిని సెకనులో నూరో వంతుల్లో చెబుతుంది. ఆట మాత్రం తన టిక్కుల, అంటే ఆట ముందుకు సాగే చిన్న చిన్న అడుగుల, లెక్కన నడుస్తుంది. ఓపెన్‌టీటీడీలో మామూలు వేగంలో ఒక టిక్ 27 మిల్లీసెకన్లు. ఆటను ఆపితే ఆవిరి కూడా ఆగాలి, వేగం పెంచితే చెట్టుకొమ్మ వేగం పెరగాలి. కాబట్టి ఫైలులోని వ్యవధులను లోడ్ చేసేటప్పుడే టిక్కులలోకి మార్చి, ఆపై ఆట గడియారాన్నే నమ్మాలి. ఒకే రకం చెట్లన్నీ ఒకేసారి ఊగకుండా ఒక్కొక్కదాన్ని ఒక్కో ఫ్రేము దగ్గర మొదలుపెట్టడం కూడా అవసరం. ఆ చిన్న తేడాతోనే వీధికి జీవం వస్తుంది.

ఈ ఫైళ్లలో ఒక్కో ఫ్రేము మారిన భాగాన్ని మాత్రమే దాచుకోవచ్చు. గీసే ప్రతిసారీ వాటిని కూర్చుతూ పోతే ఆట నెమ్మదిస్తుంది. లోడింగ్‌లోనే పూర్తి ఫ్రేములుగా విప్పి ఉంచుకుంటే వేగం దక్కుతుంది, మెమరీ ఖర్చవుతుంది. 128 పిక్సెళ్ల చదరపు బొమ్మ 32 బిట్ల రంగులో 64 కిలోబైట్లు, 24 ఫ్రేములైతే ఒకటిన్నర మెగాబైట్. అలాంటివి వందలకొద్దీ ఉండే ప్యాక్ పాత ల్యాప్‌టాప్‌లకు భారమే. అందుకే ఫ్రేముల సంఖ్యకు, కొలతలకు ఆట ఒక హద్దు పెట్టాలి. ప్యాక్‌లు ఎవరెవరో తయారుచేసి పంచేవి కనుక భద్రత కోసం కూడా ఆ హద్దు కావాలి. అయితే హద్దు ఒక్కటే చాలదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చిత్రాలను చదివే లైబ్రరీలో తీవ్రమైన లోపం బయటపడి, దాన్ని వాడే బ్రౌజర్లన్నీ హడావిడిగా సవరణలు విడుదల చేయాల్సి వచ్చింది. చిత్రాలు చదివే లైబ్రరీలను ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్‌కు మార్చడం ఆట నిర్వాహకుల బాధ్యత.