అద్దం వెనుకబాటే కొలబద్ద

లేజర్ షోల చరిత్ర అనగానే కాంతి కథే చెబుతారు. 1960లో మైమన్ తొలి లేజర్, 1973 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీలో ఐవాన్ డ్రైయర్ మొదలుపెట్టిన ‘లేజీరియం’, ఆ తర్వాత పెరిగిన రంగులు. కానీ ఈ కళకు రూపం ఇచ్చింది కాంతి కన్నా ఎక్కువగా దాన్ని తిప్పే చిన్న అద్దమే. తెర మీద కనిపించే బొమ్మ నిజానికి ఒక్క చుక్క. గాల్వనోమీటర్లకు బిగించిన రెండు అద్దాలు దాన్ని అడ్డంగా, నిలువుగా పరుగెత్తిస్తాయి. అద్దానికి బరువుంది కాబట్టి కదలమన్న క్షణాన కదలదు, ఆగమన్న చోట ఆగదు. తొలి ప్రదర్శనల నిండా సుడులు, వలయాలు ఉండటం కళాకారుల అభిరుచేనని కొందరంటారు. అభిరుచి ఉంది, కాదనను. అయితే అద్దం ఎక్కడుందో తిరిగి చెప్పే సెన్సర్ లేని ఆనాటి స్కానర్‌కు ఒంపు తేలిక, మూల మహా కష్టం. కంప్యూటర్ వచ్చాక బొమ్మలు కుదిరాయన్న వాదనా సగమే నిజం. కంప్యూటర్ మూలను ఎంత కచ్చితంగా లెక్కగట్టినా, అద్దం దాన్ని గుండ్రంగా కోసేస్తే ప్రేక్షకుడికి దక్కేది ఆ గుండ్రని మూలే.

స్థానం చెప్పే సెన్సర్ తోడయ్యాక ట్యూనింగ్ ఒక పనితనమైంది. డ్రైవర్ బోర్డు మీది చిన్న మరలను తిప్పుతూ గెయిన్, డంపింగ్ సరిచూస్తారు. డంపింగ్ ఎక్కువైతే మూలలు కరిగిపోతాయి, తగ్గితే గీత మూల దాటి వణుకుతుంది. 1986లో ఏర్పడిన అంతర్జాతీయ లేజర్ ప్రదర్శనల సంఘం ఇల్డా పేరుతో వచ్చిన పరీక్షా చిత్రం గొప్పదనం ఇక్కడే ఉంది. అందులో ఒక చతురస్రం, ఒక వలయం ఉంటాయి. వలయపు పాయింట్లు డేటాలో చతురస్రం బయటికి పొడుచుకొస్తాయి. ఎనిమిది డిగ్రీల కోణంలో, నిర్ణీత వేగంతో నడిపితే, సరిగా ట్యూన్ చేసిన అద్దాలు వెనుకబడి, వలయం చతురస్రం లోపలే అంచులను తాకుతూ నిలుస్తుంది. అద్దం లోపాన్ని దాచకుండా దాన్నే కొలబద్దగా మలచారు. పన్నెండు పాయింట్ల వలయాన్ని సెకనుకు 30 వేల పాయింట్ల వేగంతో గీయాలంటే అద్దం సెకనుకు 2,500 సార్ల చొప్పున ఊగాలి.

కంటితో చూసి తేల్చేది శాస్త్రీయమెలా అవుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడ కన్ను అందాన్ని తూచడం లేదు, వలయం అంచును తాకిందా లేదా అని మాత్రమే చూస్తోంది. స్కానర్లు ఇంకా వేగం పుంజుకున్నాయి కనుక ఈ చిత్రం పాతబడిందనడం కూడా కుదరదు. కోణం చెప్పని వేగానికి విలువ లేదు. బొమ్మను చిన్నది చేస్తే నెమ్మది స్కానరూ పెద్ద అంకెను అందుకున్నట్టే కనిపిస్తుంది, అందుకే కొనేవారు ముందుగా అడగాల్సింది ఆ అంకె ఎన్ని డిగ్రీల దగ్గరిదని.