ముంపు వీధుల్లో విద్యుత్ మోటార్‌సైకిల్: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

కోల్‌కతా: 2025 సెప్టెంబరు 22 రాత్రి మొదలైన వర్షం మరునాడు తెల్లవారేసరికి కోల్‌కతా మహానగరాన్ని జలమయం చేసింది. 24 గంటల్లో 251.4 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. 1986 తరువాత నగరంలో ఒక్క రోజులో ఇంతటి వాన కురవడం అదే మొదటిసారి. దుర్గాపూజ సన్నాహాల్లో ఉన్న నగరంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో అత్యధికులను బలిగొన్నది విద్యుదాఘాతమే.

ఇటువంటి వార్త వెలువడిన ప్రతిసారీ విద్యుత్ ద్విచక్ర వాహనదారులకు ఒక సందేహం కలుగుతుంది. బ్యాటరీతో నడిచే బండిని మోకాటి లోతు నీటిలో నడిపితే షాక్ కొట్టదా? సక్రమ స్థితిలో ఉన్న బండి వల్ల ఆ ముప్పు అత్యల్పమన్నది సాంకేతికంగా దీనికి సమాధానం. అసలు ప్రమాదం వీధిలోని విద్యుత్ వ్యవస్థలో, నీటి అడుగున కనిపించని గుంతలో, ఇంటికి చేరాక తొందరపడి పెట్టే చార్జింగ్‌లో ఉంది.

బండి ఎందుకు షాక్ కొట్టదు?

వీధి స్తంభాలకూ ఇళ్లకూ అందే 230 వోల్టుల సరఫరాలో ఒక కొస ట్రాన్స్‌ఫార్మర్ వద్ద భూమితో అనుసంధానమై ఉంటుంది. అందువల్ల ఎక్కడైనా తీగ తెగి నీటిని తాకితే విద్యుత్తు భూమి గుండా తిరిగి వెళ్లే మార్గం వెతుక్కుంటుంది. ఆ మార్గంలో నిలబడిన మనిషి దేహం గుండా కూడా అది ప్రవహిస్తుంది.

మోటార్‌సైకిల్ బ్యాటరీ పరిస్థితి వేరు. దాని రెండు కొసల్లో ఏదీ భూమితో ముడిపడి ఉండదు. దాని నుంచి వెలువడిన విద్యుత్తు తిరిగి అదే బ్యాటరీకి చేరాలి తప్ప భూమిలోకి పోయే అవకాశం లేదు. పైగా దేశంలోని విద్యుత్ ద్విచక్ర వాహనాల్లో చాలావరకు 48 నుంచి 72 వోల్టుల మధ్య పనిచేస్తాయి. ఏదైనా లోపం తలెత్తితే సరఫరాను నిలిపివేసే నియంత్రణ వ్యవస్థ బ్యాటరీలోనే ఉంటుంది. అయితే ప్రమాదంలో దెబ్బతిన్న బ్యాటరీకీ, అనధికార మెకానిక్ విప్పి బిగించిన వైరింగుకూ ఈ హామీ వర్తించదు.

ఐపీ67 అంటే ఏమిటి?

వాహన ప్రకటనల్లో తరచుగా కనిపించే ‘ఐపీ67’ అన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఇందులో మొదటి అంకె 6 దుమ్ము ఏమాత్రం చొరబడదని తెలుపుతుంది. రెండో అంకె 7 ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హానికరమైన మోతాదులో నీరు లోపలికి చేరదని తెలుపుతుంది. 2022లో విద్యుత్ స్కూటర్లు వరుసగా అగ్నిప్రమాదాలకు గురైన తరువాత దేశంలో ద్విచక్ర వాహన బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినతరం చేశారు.

ఈ అంకెలకు పరిమితులున్నాయి. పరీక్ష జరిగేది కదలని మంచినీటిలో, కొత్త బ్యాటరీపై. వీధి వరదలో మురుగు, బురద కలిసి ఉంటాయి. బస్సు పక్కనుంచి వెళితే అల లేచి కొడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు సీళ్లు గట్టిపడి పగుళ్లిస్తాయి. దూరం ప్రయాణించి వేడెక్కిన మోటారు ఒక్కసారిగా చల్లని నీటిలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుని బయటి తేమను లోపలికి లాగుతుంది. పైగా బ్యాటరీకి ఉన్న రేటింగు బండి మొత్తానికి ఉండాలని లేదు. కనెక్టర్లు, స్విచ్‌లు, డిస్‌ప్లే వంటి భాగాల రక్షణ స్థాయి వేరుగా ఉండవచ్చు. మునకను తట్టుకునే 7వ స్థాయి ఒత్తిడితో చిమ్మే నీటిని కూడా తట్టుకుంటుందన్న అర్థమూ లేదు. కాబట్టి బురదను వదిలించడానికి ప్రెజర్ వాషర్ వాడటం మంచిది కాదు.

ఆగిపోని బండితో చిక్కు

పెట్రోలు ఇంజనుకు గాలి కావాలి. గాలి పీల్చే మార్గంలోకో పొగగొట్టంలోకో నీరు చేరితే అది ఆగిపోతుంది. వాహనదారుకు అది ఇబ్బందే అయినా ఒక విధమైన హెచ్చరిక కూడా. విద్యుత్ మోటారుకు గాలితో పని లేదు, పొగగొట్టమూ లేదు. పెట్రోలు బండి మొరాయించిన చోట కూడా అది ముందుకు సాగుతుంది. ఈ సౌలభ్యమే నడిపేవారిని మరింత లోతుకు తీసుకువెళుతుంది. ‘ఇక చాలు’ అన్న నిర్ణయం యంత్రం చేతిలో నుంచి మనిషి చేతికి వచ్చింది.

ఆ నిర్ణయానికి చక్రపు ఇరుసును కొలమానంగా తీసుకోవచ్చు. 17 అంగుళాల చక్రాలున్న మోటార్‌సైకిల్‌కు ఇరుసు నేల నుంచి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నీరు దాన్ని దాటితే వెనుదిరగడం క్షేమం. తయారీదారు పుస్తకంలో ఇంతకంటే తక్కువ లోతు సూచించి ఉంటే దాన్నే పాటించాలి. ఆ లోతులో ప్రవాహం ఉంటే బండిని పక్కకు నెట్టేసే ప్రమాదమూ ఉంది.

కోల్‌కతా ప్రత్యేకత

ఈ నగరపు సహజ వాలు హుగ్లీ నది వైపు కాక, తూర్పున ఉన్న చిత్తడి నేలల వైపు ఉంటుంది. నదిలో పోటు వచ్చినప్పుడు నీరు వెనక్కి తన్నకుండా గేట్లు మూసివేస్తారు. ఆ సమయంలో భారీ వర్షం కురిస్తే పంపింగు కేంద్రాలు ఎంత తోడినా నీరు గంటల తరబడి నిలిచిపోతుంది. నీటిని త్వరగా పంపేందుకు తెరిచిన మ్యాన్‌హోళ్లు ఆ నీటి అడుగున కనిపించవు.

నగరంలోని పలు రోడ్లపై ట్రామ్ పట్టాలు ఇంకా ఉన్నాయి. తడిసిన ఉక్కుపై టైరుకు పట్టు చిక్కదు. పట్టాలను ఏటవాలుగా కాక వీలైనంత అడ్డంగా, బ్రేకు వేయకుండా దాటాలి. విద్యుత్ మోటారు పూర్తి శక్తిని ఒక్కసారిగా అందిస్తుంది కాబట్టి తక్కువ శక్తినిచ్చే మోడ్‌ను ఎంచుకుని, థ్రాటిల్‌ను మెల్లగా తిప్పాలి. దాన్ని ఒక్కసారిగా వదిలినా ఇబ్బందే. రీజనరేటివ్ బ్రేకింగ్ వల్ల వెనుక చక్రం జారవచ్చు. ఆ సదుపాయాన్ని తగ్గించుకునే వీలుంటే వానలో తగ్గించుకోవాలి. నీటిలోంచి బయటపడగానే బ్రేకులను రెండు మూడుసార్లు తేలికగా నొక్కి తడి ఆరనివ్వాలి.

స్తంభాలకు దూరం

నిలిచిన నీటిలో దీపస్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, విద్యుత్ పెట్టెలకు, దుకాణాల ఇనుప షట్టర్లకు దూరంగా వెళ్లాలి. బండి ఆగినా, ఒరిగినా ఆసరా కోసం స్తంభాన్ని పట్టుకోరాదు. నీటిలో కాళ్లకు జలదరింపు తోస్తే ముందుకు అడుగు వేయకూడదు. తీగ తెగిన చోటు నుంచి దూరమయ్యేకొద్దీ నీటిలో వోల్టేజీ తగ్గుతుంది. అడుగుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే దేహం గుండా అంత ఎక్కువ విద్యుత్తు ప్రవహిస్తుంది. కాళ్లు దగ్గరగా ఉంచి, పాదాలను చిన్నగా జరుపుతూ వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి.

ఇంటికి చేరాక

బండి వల్ల నిజమైన విద్యుత్ ప్రమాదం తలెత్తేది చార్జరును గోడకు తగిలించినప్పుడు. చార్జరు పనిచేసేది ఇంటి 230 వోల్టులతోనే. చాలా చార్జర్లకు బ్యాటరీకి ఉన్నంత జలరక్షణ ఉండదు. చార్జింగ్ పోర్టు పూర్తిగా ఆరేవరకు ఆగాలి. తడి నేలపై ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంచకూడదు. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే సరఫరాను నిలిపివేసే ఆర్‌సీసీబీ ఉన్న ప్లగ్గునే వాడాలి.

బండి పూర్తిగా మునిగితే దాన్ని ఆన్ చేయరాదు, చార్జింగ్ పెట్టరాదు. బ్యాటరీలోకి నీరు చేరితే తుప్పు, షార్ట్ సర్క్యూట్ ఏర్పడి గంటలకో రోజులకో మంటలు రావచ్చు. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను తరువాత అమెరికాలోని ఫ్లోరిడాలో ఉప్పునీట మునిగిన కొన్ని విద్యుత్ వాహనాలు ఆ విధంగానే దగ్ధమయ్యాయి. మునిగిన వాహనాన్ని భవనాలకు 50 అడుగుల దూరంలో ఉంచాలని అక్కడి భద్రతా సంస్థల సూచన. అంత స్థలం లేని మన నగరాల్లో కనీసం మెట్ల కింద, ఇంటి ముందు గదిలో పెట్టకుండా ఆరుబయట నిలిపి సర్వీస్ కేంద్రానికి తెలపాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని పలు కాలనీలు మునిగినప్పుడు వేలాది వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న బండికి ఇటువంటి నష్టంలో పరిహారం రాదు. సొంత నష్టానికి రక్షణ కల్పించే పాలసీ ఉండాలి. మునిగిన స్థితిలో ఫొటోలు తీసి, బండిని కదిలించే ముందే బీమా సంస్థకు సమాచారం ఇవ్వడం మేలు.

వానలో విద్యుత్ మోటార్‌సైకిల్ నడపడం తప్పు కాదు. నీటి లోతు తెలియనప్పుడు మాత్రం బండిని ఎత్తైన చోట నిలిపి, నీరు తీసేవరకు వేచి ఉండటమే క్షేమం.