కృత్రిమ కీలులో ప్లాస్టిక్కు: మన్నిక పరీక్షల కథ

వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలరు అరిగిపోతే తాడేపల్లిగూడెంలోని బియ్యపు మిల్లువారికి దిగులు లేదు. పాతది విప్పి కొత్తది బిగిస్తారు. కాని మనిషి తుంటిలో అమర్చిన ప్లాస్టిక్కు గిన్నె అరిగితే మార్చటం అంత తేలిక కాదు. మరల మత్తు ఇవ్వాలి, మరల శస్త్రచికిత్స చేయాలి. ఈసారి ఎముక మునుపటి కంటె బలహీనపడి ఉంటుంది. పైగా అరుగుదలలో రాలిన పొడి బయటికి పోయే దారి లేదు. కావున శరీరంలో పెట్టకముందే ఆ పదార్థం ఎన్నేళ్ళు మన్నుతుందో తెలుసుకొనాలి. ఈ సత్యాన్ని వైద్యులు ఎంతో కష్టం మీద నేర్చుకొన్నారు.

తుంటికీలు బంతి, గిన్నెల అమరిక. తొడ ఎముక పైకొన బంతి. కటి ఎముకలోని గుంట గిన్నె. రెండింటి మీద నునుపైన మృదులాస్థి పొర ఉంటుంది. ఆ పొర అరిగినవారికి అడుగు తీసి అడుగు వేయటమే బాధ అవుతుంది. 1946లో పారిస్ నగరంలో జూడే సోదరులు ఇట్టివారికి అక్రిలిక్ ప్లాస్టిక్కు బంతిని అమర్చారు. మొదట రోగులు సుఖంగానే నడిచారు. కాని కొంతకాలానికి ఆ బంతులు అరగటం, వదులు కావటం, విరగటం మొదలయింది.

ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు ఈ సమస్యను చేపట్టాడు. కీలులో ఘర్షణ తగ్గితే చాలునని ఆయన భావించి, అన్నిటికంటె జారుడు ప్లాస్టిక్కయిన టెఫ్లాన్‌ను ఎన్నుకొన్నాడు. 1958 నుంచి దానిని వాడటం ప్రారంభించి, క్రమంగా టెఫ్లాన్ గిన్నెలో సుమారు 22 మిల్లీమీటర్ల లోహపు బంతి తిరిగే ఏర్పాటుకు వచ్చాడు. దాదాపు 300 మందికి ఈ చికిత్స జరిగింది. మంచం దిగలేనివారు నడిచారు. కాని రెండు మూడేళ్ళలో బంతి గిన్నెను తొలుచుకొని లోపలికి పోయింది. రాలిన పొడి వల్ల చుట్టూ ఉన్న కణజాలం చెడింది. ఆ కీళ్ళను మరల తీయవలసి వచ్చింది.

ఇందుకు కారణమేమి? ఘర్షణ వేరు, అరుగుదల వేరు. తడిసిన సబ్బుబిళ్ళ చేతిలో ఎంత జారినా రోజురోజుకూ తరిగిపోవటం లేదా? టెఫ్లాన్ కూడ అట్టిదే.

రైటింగ్టన్‌లో హారీ క్రేవెన్ అనే సాంకేతికుడు అరుగుదలను కొలిచే యంత్రమొకటి నిర్మించాడు. బరువు మోపి, ప్లాస్టిక్కు ముక్కను లోహానికి ఎడతెగక రాపాడించటం దాని పని. 1962లో మగ్గాలకు ప్లాస్టిక్కు పళ్ళచక్రాలు అమ్మే వర్తకుడొకడు అక్కడికి వచ్చాడు. మగ్గపు భాగాలు ఎంత ఒరిపిడికి ఓర్చుకొనాలో ఏలూరు జనపనార మిల్లు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. అతడు తెచ్చినది అత్యధిక అణుభారం గల పాలిథిలీన్. పాలు పోసి అమ్మే సంచులదీ ఇదే జాతి. కాని దీని అణుగొలుసులు ఎన్నో రెట్లు పొడవైనవి. చార్న్‌లీ ఆ ముక్కలో గోరు గుచ్చి చూసి, పనికిరాదని వెళ్ళిపోయాడు. క్రేవెన్ మాత్రం దానిని యంత్రానికి ఎక్కించాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడ ఇది మూడు వారాలు రాత్రింబగళ్ళు నడిచినా అరగలేదు!

అంతటితో చార్న్‌లీ తొందరపడలేదు. రెండు ప్లాస్టిక్కుల నలుసులనూ తన తొడలోనే ఎక్కించుకొన్నాడు. నెలలు గడిచేసరికి టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టింది. పాలిథిలీన్ ఉన్నచోట చెప్పుకోదగిన మార్పు లేదు. 1962 నవంబరులో కొత్త గిన్నెల వాడకం మొదలయింది. మరణానంతరం ఆ కీలును తీసి పరిశీలించటానికి అనుమతించండని ఆయన రోగులను కోరాడు. యంత్రం చెప్పినదానికి శరీరం సాక్ష్యం పలకాలి కదా!

తరువాతి కాలంలో యంత్రాలు కూడ మోసం చేయగలవని తేలింది. నీటిలో పరీక్షిస్తే ప్లాస్టిక్కు పలుచని పొరగా లోహానికి అంటుకొని, శరీరంలో జరిగే దానికి భిన్నమైన ఫలితాన్ని ఇస్తుంది. అందుకే ఇప్పుడు పశువుల రక్తం నుంచి తీసిన సీరమ్‌ను వాడతారు. ఒకే గీత మీద ముందుకు వెనుకకు రుద్దితే అణుగొలుసులు ఆ దిక్కుకే సర్దుకొని అరుగుదల తక్కువగా కనబడుతుంది. నడిచే మనిషి కీలులో దిక్కులు మారుతుంటాయి. గాలిలో గామా కిరణాలతో శుద్ధిచేసిన గిన్నెలు ఆక్సీకరణం చెంది పెళుసెక్కుతాయని 1990 దశకంలో స్పష్టపడింది. అవే కిరణాలను తగు జాగ్రత్తతో వాడి, అణుగొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసిన గట్టి పాలిథిలీన్ ఆ దశకం చివర వాడుకలోకి వచ్చింది.

నేటి యంత్రం సెకనుకు ఒక అడుగు చొప్పున 50 లక్షల అడుగులు వేస్తుంది. అందుకు విరామం లేకుండా 58 రోజులు పడుతుంది. 10 లక్షల అడుగులను ఒక సంవత్సరపు నడకగా లెక్కిస్తారు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి దూరం సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరం నడిస్తే ఒక్కొక్క కాలు సుమారు 36 వేల అడుగులు వేస్తుంది. అనగా 10 లక్షల అడుగులంటే ఆ దారిన 14 సార్లు పోయి రావటం. మధ్యమధ్య గిన్నెను తీసి తూచి, తగ్గిన బరువును బట్టి అరుగుదలను కడతారు. ప్లాస్టిక్కు ద్రవాన్ని కొంత పీల్చుకొంటుంది కనుక, కదలకుండా అదే ద్రవంలో నానబెట్టిన మరొక గిన్నెతో పోల్చి లెక్క సరిచేస్తారు.

ఈ పరీక్ష నడకను అనుకరించేది. మోకాలి కీలుకు చేసే ప్రమాణ పరీక్షలో కూడ వంపు సుమారు 60 డిగ్రీలకు మించదు. కాని గొంతుక్కూర్చుంటే మోకాలు 130 డిగ్రీలు దాటి వంగుతుంది. కొల్లేటి లంకలలో వల బాగుచేసుకొనే మనిషి గడియలకొద్దీ అట్లాగే కూర్చుంటాడు. ఆ మనిషి మోకాలిని అనుకరించే పరీక్షలు కూడ మనకు కావాలి. ఆ పని నేటి విద్యార్థులలో కొందరికోసం ఎదురుచూస్తున్నది.