శరణిచ్చిన తలుపు



ఇంగ్లండు ఉత్తర భాగంలో డర్హం అనే ఊరుంది. వేర్ నది మూడు వైపులా చుట్టి పారే గుట్ట మీద అక్కడొక పెద్ద చర్చి ఉంది. ఈ పూట మిమ్మల్ని అక్కడికి తీసుకువెళ్తాను.

దీనికి 1093లో పునాది వేశారు. 1133 నాటికి ముఖ్యమైన కట్టడం పూర్తయింది. లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. ప్రధాన మంటపం కప్పంతా రాయే. రాతి కమానులు పక్కటెముకల్లాగా ఒకదాన్నొకటి దాటుతూ ఆ బరువును స్తంభాల మీదికి దించుతాయి. ఐరోపాలో ఈ పద్ధతికి ఇది తొలినాటి గొప్ప ఉదాహరణ. 1986లో ఈ చర్చినీ, పక్కనున్న కోటనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇప్పుడు ఉత్తరపు తలుపు దగ్గరికి రండి. దాని మీద కంచు సింహముఖం, నోట్లో కడియం. ఇది నకలు, అసలుది లోపల భద్రపరిచారు. పూర్వం నేరం చేసినవాడు పారిపోయి వచ్చి ఈ తలుపు తడితే, సన్యాసులు లోపలికి రానిచ్చి 37 రోజులు కాపాడేవారు. ఆలోగా వాడు న్యాయస్థానానికి లొంగిపోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. శరణు జొచ్చినవాడు శత్రువర్గం వాడైనా కాపాడాలని విభీషణుడి కథలో మనమూ విన్నాం కదా! ఇంగ్లండులో ఈ శరణు హక్కును 1624లో చట్టం రద్దు చేసింది.

తర్వాత 26 ఏళ్లకే ఆ తలుపు చెరసాల తలుపైంది. 1650 సెప్టెంబరులో డన్‌బార్ యుద్ధంలో క్రామ్‌వెల్ సేన స్కాట్లండు సైన్యాన్ని ఓడించింది. సుమారు మూడు వేలమంది ఖైదీలను నడిపించుకొచ్చి, అప్పటికి పూజలు ఆగిపోయిన ఈ చర్చిలో పెట్టారు. ఆకలి, జిగట విరేచనాలు, చలి. వందలమంది చనిపోయారు. చలికి ఓర్వలేక లోపలి చెక్కసామాను కాల్చుకున్నారనీ, పాత గడియారాన్ని మాత్రం ముట్టలేదనీ చెబుతారు. దాని మీద తమ దేశపు చిహ్నమైన ముళ్లపువ్వు చెక్కి ఉందట! బతికినవాళ్లలో 150 మందిని ఓడ ఎక్కించి అమెరికాకు కూలికి పంపారు.

మరి చనిపోయినవాళ్లేరి? చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2013లో చర్చి పచ్చిక పక్కనున్న గ్రంథాలయంలో ఫలహారశాల కోసం తవ్వుతుంటే అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎముకలనూ పళ్లనూ పరీక్షించి, అవి ఆ ఖైదీలవేనని 2015లో ప్రకటించారు. ఎక్కువమంది పాతికేళ్లలోపువారు; పదమూడేళ్ల వయసు పిల్లవాళ్లూ ఉన్నారు. 2018లో డర్హంలోనే ఒక శ్మశానంలో వారిని గౌరవంగా మళ్లీ పూడ్చిపెట్టారు.

ఒక కట్టడానికి చరిత్ర రాసేటప్పుడు కట్టించినవారి పేర్లు ముందు రాస్తాం. డర్హంలో ఆ కుర్రవాళ్ల పేర్లు దొరకలేదు, ఎముకలు దొరికాయి. ఈసారి మీ పిల్లలతో ఏ పాత గుడికో మసీదుకో చర్చికో వెళ్లినప్పుడు శిల్పం చూపించండి, తేదీ చెప్పండి. ఆపైన ఒక ప్రశ్న వెయ్యండి: ఈ తలుపు ఎవరికి తెరిచారు, ఎవరి మీద మూశారు?

సెలవు.